ప్లే స్టోర్ కోసం పుట్టిన మెయిల్ ఐడీ ఆఫీసుకెళ్తే

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో గుంటూరు అరండల్‌పేటలోనో కొత్త ఫోన్ కొన్నరోజే చాలామందికి మెయిల్ ఐడీ పుడుతుంది. పుట్టించేది వాళ్ళు కూడా కాదు. కౌంటర్లో కుర్రాడు పేరు, పుట్టిన సంవత్సరం గబగబా కొట్టేసి "అయిపోయిందన్నా, ఇంక ప్లే స్టోర్ ఓపెనవుద్ది" అని ఫోన్ చేతిలో పెట్టేస్తాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టాడో సాయంత్రానికి అతనికే గుర్తుండదు. ఆ ఐడీతోనే నాలుగేళ్ళు యాప్‌లు దించుకుంటారు, యూట్యూబ్ చూస్తారు, ఫోటోలు దాస్తారు, మెయిల్ మాత్రం ఒక్కటీ రాయరు. తర్వాత డిగ్రీ అయ్యి ఏ కోల్డ్ స్టోరేజీ ఆఫీసులోనో, ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ డీలర్ దగ్గరో ఉద్యోగమొచ్చి, మొదటిరోజే సిస్టమ్ ముందు కూర్చోబెట్టి "ఈ కొటేషన్ పార్టీకి మెయిల్ పెట్టమ్మా, నాకు సీసీ చెయ్" అంటే అప్పుడు తెలుస్తుంది, మెయిల్ ఉండటం వేరు, మెయిల్ వచ్చుండటం వేరని.

బటన్లు నేర్చుకోవడానికి రెండు రోజులు చాలు. కంపోజ్ ఎక్కడుంది, అటాచ్ గుర్తు ఏది, సెండ్ ఏది, ఇవి ఏ కంప్యూటర్ సెంటర్లో చేరినా మొదటి వారంలోనే చెప్పేస్తారు. అసలు చిక్కు బటన్లలో లేదు, అలవాట్లో ఉంది. ఇప్పుడు ఉద్యోగాల్లోకి వచ్చేవాళ్ళకి రాతలో మాట్లాడటం అంటే వాట్సాప్, అక్కడ "సార్" అని ఒక మెసేజ్, "బిల్లు" అని ఇంకోటి, "పంపాను చూడండి" అని మూడోది, మధ్యలో ఒక దణ్ణం బొమ్మ. ఎదుటివాళ్ళు చూశారో లేదో నీలం టిక్కులు చెప్తాయి. ఆఫీస్ మెయిల్ ఈ పద్ధతికి పుట్టలేదు. అది పుట్టింది పాత ఆఫీసు కాగితాల్లోంచి, అంటే ఇన్‌వర్డ్ అవుట్‌వర్డ్ రిజిస్టర్లు, కార్బన్ కాపీలు, ట్యాగ్ కట్టిన ఫైళ్ళు. అందుకే టైపు ఇన్‌స్టిట్యూట్లో లోయరూ హయ్యరూ పాసై ముప్పై ఏళ్ళు గుమస్తాగా చేసిన పెద్దాయన మౌస్ పట్టుకోడానికి వణికినా సరే, సీసీ అంటే ఏంటో ఒక్కసారికే పట్టేస్తాడు, బీటెక్ కుర్రాడికి పదిసార్లు చెప్పాలి. చూడ్డానికి తలకిందులుగా ఉంటుంది గానీ కారణం మాత్రం ఇదే.

ముందు ఈ మెయిల్ ఎక్కడుంటుందో తేల్చుకుంటే సగం గందరగోళం పోతుంది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి నెట్‌వర్క్ మీద మెయిల్ పంపడం 1971లో రే టామ్లిన్సన్ మొదలుపెట్టాడు, మనిషి పేరుకీ మిషన్ పేరుకీ మధ్యలో @ గుర్తు పెట్టిందీ ఆయనే. ఆ తర్వాత పాతికేళ్ళ దాకా మెయిల్ అంటే సాధారణంగా ఒక మిషన్‌లోకి దిగి అక్కడే ఉండిపోయేది, ఆ మిషన్ దగ్గరికెళ్తేనే చదవగలిగేవాళ్ళు. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ పెట్టాక బ్రౌజర్ ఉన్న ఏ కంప్యూటర్లోనైనా పేరూ పాస్‌వర్డూ కొడితే మెయిల్ తెరుచుకునే రోజులొచ్చాయి. వాళ్ళకి ఆ ఆలోచన వచ్చిన కారణం తమాషాగా ఉంటుంది, సొంత కంపెనీ సంగతులు పనిచేసే చోట మెయిల్లో మాట్లాడుకుంటే బాసులు చూస్తారన్న భయంతో, ఆఫీసు కళ్ళు పడని మెయిల్ కావాలనుకున్నారు. ఇప్పుడు అదే పద్ధతి ఆఫీసుల మెయిల్ అయి కూర్చుంది, కంపెనీ ఇచ్చిన ఐడీలో ఏముందో కంపెనీ అడ్మిన్ కావాలంటే చూడగలడు కూడా. హాట్‌మెయిల్లో మొదట్లో ఇచ్చిన చోటు 2 ఎంబీ, ఇవాళ ఒక ఫోన్ ఫోటోకి కూడా చాలదు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక జీబీ ఇస్తామంటే ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు జనం. ఇప్పుడు ఉచిత గూగుల్ అకౌంట్‌కి 15 జీబీ, అదీ మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ కలిపి. పెళ్ళి వీడియోలు డ్రైవ్‌లోకి ఎక్కించినాయన మెయిల్ ఆగిపోవడానికి కారణం ఇదే, "మెయిలు రావట్లేదండీ, సర్వర్ డౌనేమో" అంటారు, సర్వర్ బాగానే ఉంటుంది, పెళ్ళే నిండిపోయింది.

కాబట్టి వెబ్ మెయిల్ అంటే మెయిల్ మన ముందున్న డబ్బాలో లేదు, సర్వర్లో ఉంది, డబ్బా ఒక కిటికీ మాత్రమే. దీంట్లోంచి రెండు సంగతులొస్తాయి. ఆఫీసు సిస్టమ్ కాలిపోయినా మెయిల్ పోదు, ఇది మంచి సంగతి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోడానికి ఎవరి సిస్టమ్‌లోనో లాగిన్ అయ్యి అలాగే బయటికొచ్చేస్తే కిటికీ తెరిచే ఉంటుంది, వెనకొచ్చినవాడు తీరిగ్గా చదువుకుంటాడు, ఇది రెండోది. అలాంటి చోట ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే చూసినవేవీ బ్రౌజర్ దాచుకోని విండోలో తెరవడం, పనయ్యాక సైన్ అవుట్ కొట్టడం, "పాస్‌వర్డ్ సేవ్ చెయ్యనా" అని బ్రౌజర్ అడిగితే వద్దనడం, ఇంతకంటే పెద్ద విద్యేం అక్కర్లేదు.

ఐడీ గురించి ఒక మాట. చిన్నప్పుడు సరదాగా హీరో పేరో, ముద్దుపేరో పెట్టుకున్న ఐడీతో ఉద్యోగానికి అప్లై చేస్తే అవతలివాళ్ళు నవ్వుకుంటారు, పేరూ ఇంటిపేరూ ఉన్న ఐడీ ఇంకోటి చేసుకోవడం మేలు. జీమెయిల్ డాట్ కామ్ ఐడీల్లో పేరు మధ్యలో చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకటే, రెండూ ఒకే పెట్టెలో పడతాయి. కంపెనీ సొంత డొమైన్ మీద, అంటే @ తర్వాత కంపెనీ పేరుతో నడిచే ఐడీల్లో మాత్రం చుక్క ఉందంటే ఉన్నట్టే, అది వదిలేస్తే మెయిల్ వెళ్ళదు, లేదా వేరేవాళ్ళకెళ్తుంది. విజయవాడ ఆఫీసుల్లో శ్రీనివాస్‌లు నలుగురుంటారు కాబట్టి ఈ చుక్క చిన్న విషయమేం కాదు. గవర్నమెంట్ ఆఫీసుల సంగతి వేరు, కేంద్ర ప్రభుత్వ పనికి ప్రైవేటు మెయిళ్ళు వాడొద్దని 2015లోనే విధానం వచ్చింది, వాళ్ళది ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ నడిపే మెయిల్, ఆమధ్య దాన్ని చెన్నై కంపెనీ జోహో ప్లాట్‌ఫాం మీదికి మార్చారు. పేర్లు మారినా, తెర రంగులు మారినా లోపల సంగతి ఒకటే, ఒకదాంట్లో చెయ్యి తిరిగితే రెండోది అరపూటలో వచ్చేస్తుంది.

ఇక అసలు పేజీ దగ్గరికొద్దాం. కంపోజ్ నొక్కితే పైన మూడు గళ్ళు కనపడతాయి, టూ, సీసీ, బీసీసీ. చాలామంది మూడిట్లోనూ ఎవరిని పడితే వాళ్ళని పడేస్తారు, అందరికీ వెళ్తుంది కదా అని. వెళ్ళడం వెళ్తుంది, అర్థమే మారిపోతుంది. టూలో ఉన్నవాడు పని చెయ్యాల్సినవాడు, జవాబు రాయాల్సినవాడు. సీసీ అంటే కార్బన్ కాపీ, టైపు మిషన్లో రెండు కాగితాల మధ్య నల్ల కాగితం పెట్టి కొట్టిన రోజుల్లోంచి వచ్చిన పేరు, కింద ఎడమ పక్క "ఈ నకలు ఫలానా వారికి" అని రాసేవాళ్ళు, ఆ ఫలానా వారు తెలుసుకుంటే చాలు, ఏం చెయ్యక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్ళు భయంతో టూలో ఐదుగురిని పెడతారు, ఐదుగురూ ఇంకొకడు చేస్తాడులే అనుకుంటారు, పని ఎవరూ చెయ్యరు, మూడోరోజు మేనేజర్ అరుస్తాడు. టూలో ఒక్క పేరు, మహా అయితే రెండు. మిగతావాళ్ళు కిందకి.

బీసీసీ అంటే బ్లైండ్ కార్బన్ కాపీ, అందులో ఉన్నవాళ్ళ పేర్లు మిగతావాళ్ళకి కనపడవు. దీని కథ డబ్బుతో ముడిపడింది కాబట్టి కాస్త ఆగి చూడాలి. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసు అనుకుందాం. పొద్దున తేజ రకం రేటు కట్టి బయటి దేశాల్లో ఉన్న ముప్పై మంది కొనేవాళ్ళకి పంపాలి. ముప్పై ఐడీలూ టూలో పెట్టి సెండ్ కొడితే ఏమైంది? ముప్పై మందికీ మిగతా ఇరవై తొమ్మిది మంది ఎవరో తెలిసిపోయింది, పదేళ్ళు తిరిగి సంపాదించిన పార్టీల లిస్టు ఒక్క క్లిక్కుతో పంచిపెట్టినట్టయింది, అందులో ఒకడు దాన్ని పక్క ఎగుమతిదారుకి ఫార్వర్డ్ చెయ్యడని గ్యారంటీ ఏముంది. అదే బీసీసీలో పెడితే ఎవరికి వాళ్ళకే వచ్చినట్టుంటుంది, టూలో మన ఐడీయే పెట్టుకుంటే సరిపోతుంది. ఒక మెలిక మాత్రం గుర్తుండాలి. బీసీసీలో రహస్యంగా చూస్తున్న మనిషి పొరపాటున రిప్లై ఆల్ కొట్టాడా, తను అక్కడున్నాడని అందరికీ చాటింపు వేసినట్టే. ఓనర్‌ని బీసీసీలో పెట్టుకుని పార్టీతో గొడవ పడే గుమస్తాలు దీన్ని ముందే ఓనర్‌కి చెప్పి ఉంచుకోవాలి.

రిప్లై, రిప్లై ఆల్ కూడా ఇలాంటి గొడవే. మేనేజర్ని సీసీలో పెట్టి వచ్చిన మెయిల్‌కి ఉత్త రిప్లై కొడితే మేనేజర్‌కి జవాబు అందదు, "నన్నెందుకు తీసేశావ్" అని అడుగుతాడు, మన దగ్గర సీసీలోంచి పేరు తీసెయ్యడమంటే భోజనాల బంతిలోంచి లేపినంత పని. అలాగని రెండొందల మందికి వచ్చిన "రేపు సెలవు" సర్క్యులర్‌కి రిప్లై ఆల్ కొట్టి "థాంక్యూ సర్" అంటే రెండొందల పెట్టెల్లో అది పడుతుంది, దానికి ఇంకొకాయన "ప్లీజ్ డోంట్ రిప్లై ఆల్" అని మళ్ళీ రిప్లై ఆల్ కొడతాడు.

సబ్జెక్ట్ గడిని ఖాళీగా వదిలేసేవాళ్ళు ఎక్కువ, వాట్సాప్‌లో అలాంటి గడి లేదు కాబట్టి అదెందుకో తెలీదు. ఫైలు మీద అట్ట ఎందుకో ఇదీ అందుకే. "హాయ్", "అర్జెంట్", "బిల్", "రిగార్డింగ్" లాంటి సబ్జెక్టులు అట్ట లేనట్టే లెక్క. దగ్గరనుంచి ఒకటి చూద్దాం. ఒక కుర్రాడు పెట్టిన మెయిల్ ఇలా ఉంటుంది: సబ్జెక్ట్ లేదు, లోపల "రెస్పెక్టెడ్ సర్, యాజ్ పర్ టెలిఫోనిక్ డిస్కషన్ ప్లీజ్ ఫైండ్ ద అటాచ్డ్ అండ్ డూ ద నీడ్‌ఫుల్", కింద స్కాన్ 0004 అన్న పేరుతో ఒక ఫైలు, సంతకంలో "సెంట్ ఫ్రమ్ మై ఫోన్". ఇంగ్లీషులో తప్పేం లేదు, చదివితే ఆఫీసు భాషలాగే ఉంది. కానీ ఏ డిస్కషన్, ఎవరితో, ఫైల్లో ఏముంది, నీడ్‌ఫుల్ అంటే సంతకం పెట్టాలా, డబ్బు వెయ్యాలా, చూసి ఊరుకోవాలా, ఒక్కటీ లేదు. అదే మెయిల్ ఇలా ఉంటే: సబ్జెక్ట్‌లో "ఇన్‌వాయిస్ 118, 240 మిర్చి బస్తాలు, ఆమోదం కావాలి, శుక్రవారం లోపు". లోపల రెండే వాక్యాలు, "నిన్న ఫోన్లో చెప్పినట్టు రవాణా చార్జీ తీసేసి ఇన్‌వాయిస్ మార్చాను. సరిచూసి ఓకే అంటే శనివారం లోడ్ పంపిస్తాం." ఫైలు పేరు ఇన్‌వాయిస్ 118 సవరించినది. కింద పేరు, హోదా, ఫోన్ నంబర్. రాసేవాడికి ఒక నిమిషం ఎక్కువ పట్టింది, చదివేవాడికి మెయిల్ తెరవకుండానే సగం పనైపోయింది.

మర్యాద సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. "డియర్" అని బాసుకి రాయడానికి మనవాళ్ళకి చెయ్యి రాదు, ప్రేమలేఖలాగా ఉంటుందని, అందుకే రెస్పెక్టెడ్ సర్ పుట్టింది. ఇంగ్లీషు మెయిల్లో అయినా పేరు పక్కన గారు అని పెట్టి రాసేవాళ్ళున్నారు, అది హాయిగా ఉంటుంది, అవతలిది తెలుగు మనిషైతే అంతకంటే మంచి సంబోధన లేదు. చుట్టుపక్కల పార్టీలైతే మెయిల్ మొత్తం తెలుగులో రాసినా ఎవరూ తప్పుపట్టరు, వచ్చీరాని ఇంగ్లీషులో రాసి రేటు తేడా కొట్టేకంటే అది నయం.

తెలుగులో రాసేటప్పుడు మాత్రం బెజవాడకి ప్రత్యేకమైన ఒక తంటా ఉంది. ఇక్కడ ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో కొట్టాయి, ఇప్పటికీ కొడుతున్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఫైల్లో నిజానికి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్లే, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగారంతే. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో చక్కగా "ఆహ్వానము" అని కనపడేది, అక్కడినుంచి కాపీ చేసి మెయిల్లో పేస్ట్ చేస్తే పిచ్చిగీతల్లాగా పడుతుంది. "మీ మెయిల్ వైరస్ అనుకుంటా" అని అవతలివాళ్ళు తీసేసినా అనకూడదు. దీనికి రెండే దార్లు, మెయిల్ మ్యాటర్ యూనికోడ్‌లో అంటే ఫోన్ కీబోర్డులో కొట్టే తెలుగులాగా కొట్టాలి, అను ఫైలు పంపాలంటే పీడీఎఫ్ చేసి పంపాలి, పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా లోపలే కూర్చుని వెళ్తుంది.

అటాచ్‌మెంట్ల దగ్గర అందరూ ఒకసారైనా పడతారు. జీమెయిల్లో పరిమితి 25 ఎంబీ అని తెలుసు, 20 ఎంబీ ఫైలు పెడితే కూడా కొన్నిసార్లు అటాచ్‌మెంట్‌గా పోనంటుంది, ఎందుకో తెలీదు. మెయిల్ అనేది అక్షరాల కోసం పుట్టింది, ఫోటో అయినా పీడీఎఫ్ అయినా దాన్ని అక్షరాల్లోకి మార్చి పంపుతారు, ప్రతి మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, అంటే ఫైలు దగ్గరదగ్గర మూడోవంతు లావెక్కుతుంది. 18 ఎంబీ దాటితే అనుమానమే అనుకోవాలి. పెద్దదైతే జీమెయిల్ తనే డ్రైవ్‌లోకి ఎక్కించి లింకు పెడుతుంది, అక్కడ ఇంకో మెలిక, లింకు తెరిచే హక్కు అవతలివాళ్ళకి ఇవ్వకపోతే వాళ్ళు నొక్కగానే "యాక్సెస్ అడగండి" అని తలుపు మూసి ఉంటుంది, ఆ అడిగిన మెయిల్ మనకొచ్చి పడుంటుంది, మనం చూసేది మర్నాడు, టెండర్ టైము నిన్న సాయంత్రం ఐదింటికి. షేర్ సెట్టింగ్ సరిచూసుకుని, వేరే ఐడీతోనో ఇన్‌కాగ్నిటోలోనో ఒకసారి తెరిచి చూసి పంపితే ఈ గోల ఉండదు. ఇంకొకటి, వాట్సాప్‌లో వచ్చిన బిల్లు ఫోటోని దించి మెయిల్‌కి తగిలించడం, వాట్సాప్ మామూలుగా ఫోటోని నలిపి పంపుతుంది కాబట్టి అంకెలు మసకబారతాయి, 3 ఏదో 8 ఏదో తెలీని బిల్లు ఆడిటర్‌కి పంపి ఏం లాభం. ఫోన్లో స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపడం ఉత్తమం.

అటాచ్ చేశానని రాసి అటాచ్ చెయ్యడం మర్చిపోవడానికి, తప్పు శ్రీనివాస్‌కి పంపడానికి కలిపి ఒకే మందు ఉంది. ముందు ఫైలు తగిలించాలి, తర్వాత మ్యాటర్ రాయాలి, తర్వాత సబ్జెక్ట్, ఆఖర్న టూ. అడ్రస్ లేని మెయిల్ వేలు తగిలినా పోదు కదా. తెరమీద గళ్ళు పైనుంచి కిందికి ఉన్నాయని అదే వరసలో నింపాలని ఎవరూ అన్లేదు.

సెండ్ కొట్టాక మనసు మార్చుకుంటే అండూ అని ఒక మీట కొన్ని సెకన్లు కనపడుతుంది. వెళ్ళిన మెయిల్ని అది వెనక్కి లాగుతుందనుకుంటారు, లాగదు. మెయిల్ అసలు బయల్దేరలేదు, పంపినట్టు చూపించి ఐదు సెకన్లు గేటు దగ్గర నిలబెట్టారంతే. జీమెయిల్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద దాన్ని 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు, కొత్తవాళ్ళు మొదటిరోజే పెంచుకోవాల్సింది అదే. ఔట్‌లుక్‌లో రీకాల్ అని ఉంటుంది గానీ అది ఒకే సంస్థ లోపల ఉన్న పెట్టెల మధ్యే పనికొస్తుంది, బయటి పార్టీకి వెళ్ళింది వెళ్ళిందే. ఇక పంపాక "మెయిలర్ డీమన్" పేరుతో ఇంగ్లీషులో పొడుగ్గా ఏదో వస్తే భయపడి డిలీట్ చేసేవాళ్ళు చాలామంది, పేరులో దెయ్యం ఉన్నట్టు వినపడుతుంది కాబట్టి. అది తిరిగొచ్చిన ఉత్తరం మీద పోస్ట్‌మ్యాన్ రాసే "చిరునామాదారు లేరు" లాంటిది. అడ్రస్ తప్పా, అవతలి పెట్టె నిండిందా, ఫైలు పెద్దదా, అందులోనే రాసుంటుంది, ఒక వాక్యం చదివితే చాలు. అది డిలీట్ చేసి "నేను పంపానండీ" అని వాదించేవాళ్ళ మీద జాలేస్తుంది.

పంపాను, అందలేదు అన్న వాదనకి చట్టంలో కూడా చోటుంది. సమాచార సాంకేతిక చట్టం 2000లో 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అవతలివాళ్ళు ఫలానా ఐడీకి పంపండని చెప్పి ఉంటే ఆ పెట్టెలోకి మెయిల్ చేరిన క్షణమే అందినట్టు లెక్క. వాళ్ళు తెరిచారా లేదా అన్నది వేరే సంగతి. బిల్లుల మీద, లెటర్‌హెడ్ల మీద ఐడీ అచ్చేసుకుని దాన్ని నెలకోసారి తెరిచే షాపులు మన దగ్గర తక్కువేం లేవు, జీఎస్టీ రిజిస్ట్రేషన్లో ఇచ్చిన ఐడీ ఎవరి ఫోన్లో ఉందో తెలీని ఓనర్లూ ఉన్నారు. నోటీసు వచ్చి పడుంటుంది, గడువు దాటిపోతుంది. మెయిల్ కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే ఉత్త ప్రింటు సరిపోదు, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా జత చెయ్యాలి, అంటే అసలు మెయిల్ పెట్టెలో భద్రంగా ఉండాలి. ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి అసలుది డిలీట్ చేసేవాళ్ళకి ఇది ముందే చెప్పాలి.

ఇక మోసాల దగ్గర మెల్లగా నడవాలి, గుంటూరులాంటి ఎగుమతుల ఊళ్ళో పెద్ద డబ్బు పోయే దారి ఇదే. పద్ధతి ఇలా ఉంటుంది. ఎవరో ఒక మెయిల్ పంపుతారు, "మీ మెయిల్ పెట్టె నిండింది, ఇక్కడ నొక్కి లాగిన్ అవ్వండి" అని. నొక్కితే అచ్చం జీమెయిల్ పేజీలా ఉన్నది వస్తుంది, గుమస్తా పాస్‌వర్డ్ కొడతాడు, ఏమీ అవదు, పేజీ మూసేసి టీకి పోతాడు. దొంగ ఆ పాస్‌వర్డుతో లోపలికొచ్చి వెంటనే ఏమీ దోచుకోడు, వారాల తరబడి ఊరికే చదువుతూ కూర్చుంటాడు. ఎవరికి ఎంత సరుకు వెళ్తోంది, ఇన్‌వాయిస్ ఎప్పుడు, మాట తీరు ఎలా ఉంటుంది, అన్నీ చూస్తాడు, వచ్చే మెయిళ్ళు తనకీ ఒక కాపీ రావాలని ఫార్వర్డింగ్ పెట్టుకుంటాడు. కంటైనర్ ఓడెక్కి కొనేవాడు డబ్బు వెయ్యాల్సిన రోజు దగ్గరపడగానే, మన ఐడీలాగే కనపడే ఇంకో ఐడీనుంచి వాడికి మెయిల్ వెళ్తుంది, "ఆడిట్ కారణంగా బ్యాంకు అకౌంట్ మారింది, ఈ అకౌంట్లో వెయ్యండి" అని. ఐడీలో చిన్న ఎల్ బదులు ఒకటి అంకె ఉంటుంది, లేదా ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటాయి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో అవి ఎమ్‌లాగే కనపడతాయి. కొనేవాడు నమ్మి డబ్బేస్తాడు. సరుకు వెళ్ళింది, డబ్బు ఇంకెక్కడికో వెళ్ళింది, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు మోసగాడనుకుంటారు.

దీనికి సాఫ్ట్‌వేర్ కంటే ముందు కావాల్సింది ఒక నియమం, అకౌంట్ నంబర్ మార్పు ఎప్పుడూ మెయిల్ మీద ఒప్పుకోకూడదు, పాత నంబర్‌కి ఫోన్ చేసి మాట్లాడాలి, ఆ మెయిల్లో ఇచ్చిన కొత్త నంబర్‌కి కాదు. రెండోది టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే పద్ధతి పెట్టుకోవడం, పాస్‌వర్డ్ దొరికినంత మాత్రాన లోపలికి రావడం కష్టమవుతుంది. మూడోది కంప్యూటర్లో తెరిచిన జీమెయిల్లోనే కనపడేది, ఇన్‌బాక్స్ పేజీ అట్టడుగున కుడివైపు చిన్న అక్షరాల్లో లాస్ట్ అకౌంట్ యాక్టివిటీ, దాని కింద డీటెయిల్స్ అని ఉంటుంది. నొక్కితే ఈ పెట్టెని ఈమధ్య ఎప్పుడెప్పుడు, ఏ దేశంనుంచి తెరిచారో వస్తుంది. గుంటూరు దాటని గుమస్తా మెయిల్ వేరే ఖండంలో తెరిచినట్టుంటే ఇంక చెప్పేదేముంది. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు కూడా నెలకోసారి చూడాలి, మనం పెట్టనిది ఉంటే తీసెయ్యాలి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చెయ్యాలి, అక్కడ గంటలు కూడా లెక్కే.

పాత మెయిల్ వెతుక్కోవడం రాని ఆఫీసుల్లో ఇన్‌బాక్స్ చూస్తే జాలేస్తుంది, చదవనివి పదకొండు వేలు, కిందికి జరుపుతూ కూర్చుంటారు. ఒక్కో పార్టీకి ఒక లేబుల్ పెట్టుకుంటే పాత ఫైళ్ళ బీరువా తయారైనట్టే, పైగా కాగితం ఒక్క ఫైల్లోనే ఉంటుంది, మెయిల్‌కి రెండు మూడు లేబుళ్ళు తగిలించొచ్చు. పనైపోయిన మెయిల్ డిలీట్ చెయ్యక్కర్లేదు, ఆర్కైవ్ కొడితే ఇన్‌బాక్స్‌లోంచి పోయి ఆల్ మెయిల్‌లో ఉంటుంది, డిలీట్ అయినవి మాత్రం 30 రోజుల్లో శాశ్వతంగా పోతాయి. ఒకే విషయం మీద సాగిన ఉత్తరప్రత్యుత్తరాలు ఒకే గుత్తిగా కనపడతాయి కాబట్టి, ఏప్రిల్ బిల్లు గుత్తిలో పెళ్ళి సెలవు అడగకూడదు, ఆర్నెల్ల తర్వాత ఆ సెలవు మెయిల్ ఎవరికీ దొరకదు. వేరే విషయమైతే కొత్త కంపోజ్.

చిన్న ఆఫీసుల్లో పాస్‌వర్డ్ మానిటర్ మీద అంటించి ముగ్గురు ఒకే ఐడీ వాడటం ఉంది, ఖర్చు కలిసొస్తుందని. అందులో పంపింది ఎవరో తేలదు, గొడవ వచ్చిన రోజు ముగ్గురూ నేను కాదంటారు. అంతకంటే పెద్ద చిక్కు, ఆ ఐడీ పెట్టినరోజు రికవరీ నంబర్ ఎవరిది ఇచ్చారన్నది. చాలాచోట్ల అప్పటి అకౌంటెంట్ సెల్ నంబరే ఉంటుంది, ఆయన జీతం దగ్గర మాటామాటా వచ్చి మానేసి మిర్చి యార్డులో నాలుగు కొట్ల అవతల చేరిపోతాడు. కొత్త సిస్టమ్ కొన్నరోజు లాగిన్ అవ్వబోతే ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తుంది, ఓనర్ స్వయంగా ఫోన్ చేసి "బాబూ, ఒక నంబరొచ్చుంటుంది చూడు" అని అడగాలి, అవతలనుంచి "ముందు నా రెండు నెలల బాకీ సంగతి చెప్పండి సార్" అని వినపడుతుంది.